డెబ్భై రెండో గంట

"పట్టుకోండి! పేషెంట్ పారిపోతోంది!"

కేక వేశాడు బావ.

పేషెంట్ అన్నది... తననే!

చిట్టి వెనక్కి చూడదు. మెట్లు రెండేసి చొప్పున దిగుతోంది. మూడో అంతస్తు... రెండో అంతస్తు... ఒక చెయ్యి రెయిలింగ్ మీద. ఇంకో చెయ్యి పొట్ట మీద. నర్సు కోటు లోపల, ఒంటికి అదిమిపెట్టుకున్న పచ్చట్ట ప్యాడ్.

మెట్ల మలుపులో గోడ గడియారం. ఐదుంపావు.

ఆరు దాకా దొరక్కూడదు. అంతే!

నలభై ఐదు నిమిషాలు దొరక్కుండా ఉంటే అక్క బయటికి వస్తుంది. దొరికిందా... వెనక గేటు దగ్గర వ్యాన్ సిద్ధంగా ఉంది. ఊరికి దూరంగా, ఏళ్ళ తరబడి పేషెంట్లని ఉంచే ఇంటికి అక్కని తీసుకెళ్ళిపోతారు. అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్ళని చిట్టి తన పదేళ్ళ ఉద్యోగంలో ఇద్దరినే చూసింది.

పైన బూట్ల చప్పుడు. ఇద్దరు వార్డుబాయ్‌లు. వాళ్ళ వెనక బావ.

"చిట్టీ! ఆగమ్మా! నీకు ఒంట్లో బాగోలేదు!"

గొంతులో తేనె కారుతోంది.

ఆగమ్మా అట! చిట్టి పళ్ళు పటపట కొరుకుతుంది. మూడు రోజుల కిందటి దాకా బావని 'మీరు' అనేది. ఇప్పుడు మనసులో కూడా అనదు.

మొదటి అంతస్తు... గ్రౌండ్ ఫ్లోర్... మెయిన్ గేటు దగ్గర సెక్యూరిటీ అప్పుడే వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు ఎవరికోసమో వెతుకుతున్నాయి.

అటు కాదు!

ఇంకో పదహారు మెట్లు. కింద లాండ్రీ. తలుపు మూసి ఉంది. మెడలో ఐడీ కార్డు తీసి గీస్తుంది. పచ్చ లైటు. తలుపు తెరుచుకుంటుంది.

లోపల ఆవిరి. వేడి. తిరుగుతున్న మెషిన్లు. ఉతకాల్సిన దుప్పట్లతో నిండిన తోపుడు బండ్లు వరసగా ఉన్నాయి. చివరి బండిలోకి దూకి, దుప్పట్లు మీదికి లాక్కుంటుంది.

డెట్టాల్ వాసన. చెమట వాసన.

చీకట్లో ప్యాడ్ అంచులు తడుముతుంది. ఉంది. పద్దెనిమిది ఫారాలు. పదిహేడు ఖాళీ. ఒకటి మాత్రం నిండింది. దాని మీద అక్క పేరు, 'పొడిగింపు' అన్న మాట.

ఒక మనిషిని ఆ మనిషి ఇష్టం లేకుండా మెంటల్ వార్డులో పెట్టాలంటే ముగ్గురిలో ఒకరి సంతకం కావాలి. హాస్పిటల్ డాక్టరు, లేదా చిట్టి లాంటి క్రైసిస్ నర్సు, లేదా పోలీస్ ఇన్‌స్పెక్టర్. దాన్ని హోల్డ్ అంటారు. సంతకం పెట్టేవాళ్ళు ఆ మనిషిని స్వయంగా చూసి ఉండాలి. చుట్టాలై ఉండకూడదు. కౌంటర్లో ముద్ర పడిన క్షణం నుంచి డెబ్భై రెండు గంటలు. ఆలోగా పొడిగింపు అని నింపిన ఇంకో ఫారం మీద ముద్ర పడకపోతే తలుపు తెరవాల్సిందే. దేవుడొచ్చినా ఆపలేడు.

బావ ఆ వార్డుకి పెద్ద డాక్టరు. కానీ అక్కకి మొగుడు. సంతకం పెట్టడానికి వీల్లేదు.

అయితేనేం! చిన్న డాక్టరు ఉన్నాడుగా!

చిన్న డాక్టరు చెడ్డవాడేం కాదు. వట్టి బద్ధకస్తుడు. సంతకం కోసం వేళకాని వేళ తనని లేపుతున్నారని, ఇరవై ఫారాల ప్యాడ్ మొత్తం ముందే సంతకాలు పెట్టేసి పెద్ద డాక్టరు సొరుగులో పడేశాడు. 'నేను ఈ వ్యక్తిని స్వయంగా చూశాను' అన్న ముక్క కింద సంతకం. పేరు, టైము ఖాళీ. ఎవరికి కావలిస్తే వాళ్ళు నింపుకోవచ్చు.

బావ నింపుకున్నాడు. ప్యాడ్ తర్వాత ప్యాడ్!

అక్క అదే హాస్పిటల్ రికార్డు రూమ్‌లో పని చేస్తుంది. పాత ఫైళ్ళు సర్దుతుంటే అనుమానం వచ్చింది. ఆస్తిలో వాటా అడిగిన కోడలు... మేనేజర్ మీద కంప్లైంట్ రాసిన గుమాస్తా... విడాకులు కావాలన్న భార్య... పదకొండు మంది. అందరికీ ఒకే సంతకం. ఒకే రోజు ఒకే నిమిషంలో రెండు ఊళ్ళలో ఇద్దరిని చూసిన డాక్టరు!

"పోలీసుల దగ్గరికి పద," అంది చిట్టి.

"ముందు ఆయన్ని ఒక్క మాట అడుగుతానే. ఎంతైనా..."

ఆ ఎంతైనా అన్నదే కొంప ముంచింది. అడిగిన గంటకి అక్క వార్డులో ఉంది.

నిన్న అద్దం లోంచి చూసింది చిట్టి. అక్క నీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోతోంది. ఇంజెక్షన్ల దెబ్బకి రెండు చేతులూ గడగడ వణుకుతున్నాయి. చిన్నప్పుడు తన జడలు వేసిన చేతులు! ముళ్ళు తీసిన చేతులు! గ్లాసు జారి పడింది. అక్క సిగ్గుతో ముఖం గోడ వైపు తిప్పుకుంది.

అప్పుడే చిట్టి ఒట్టు పెట్టుకుంది.

ఆ మంచం మీదే నిన్ను కట్టిస్తా బావా. ఆ సూదే నీ జబ్బలో దిగాలి. ఆ గ్లాసే నీ చేతిలోంచి జారాలి. నేను అద్దం అవతల నిలబడి చూడాలి!

ఇవాళ నాలుగున్నరకి బావ గదిలోకి వెళ్ళి, అతని కళ్ళ ముందే సొరుగు లాగి ప్యాడ్ ఎత్తుకొచ్చింది. ఆ తోపులాటలో పైనున్న ఒక ఖాళీ ఫారం చిరిగి బావ చేతిలో ఉండిపోయింది. అప్పటి నుంచి హాస్పిటల్ అంతా దాగుడుమూతలు.

చించి పారేస్తే అక్క ఇవాళ్టికి బయటపడుతుంది. రేపు బావ ఇంకో ప్యాడ్ చేయిస్తాడు. అందుకే చించదు. ఇదొక్కటే సాక్ష్యం.

ఇవాళ బావకి కొత్త సంతకం దొరకదు. పొద్దున్నుంచి చిన్న డాక్టరు ఫోన్ ఎత్తడం లేదు. సెలవు చీటీ రాయడానికి కూడా బద్ధకించి, ఎక్కడికెళ్తున్నాడో నిన్న చిట్టికి ఒక్కదానికే చెప్పి వెళ్ళాడు. బావకి తెలియదు.

మరి తన మీద హోల్డ్ ఎవరు రాశారు? చిట్టికి ఇంకా అంతుపట్టడం లేదు.

క్లిక్!

తలుపు తెరుచుకున్న చప్పుడు.

"కార్డు ఇక్కడే గీసింది సార్. స్క్రీన్ మీద పడింది."

చిట్టి కళ్ళు మూసుకుంటుంది. కార్డు! పదేళ్ళ అలవాటు. ఆలోచించకుండా గీసేసింది. తన మెడలో తాడే తనని పట్టిచ్చింది.

ఒక బండి... రెండో బండి... మూడో బండి...

దుప్పటి లేచింది!

పైన వార్డుబాయ్ ముఖం. వాడే సిగ్గుపడుతున్నాడు.

"ఏమనుకోకండి సిస్టర్... ఫారం మీద ముద్ర పడింది. మాకు తప్పదు."

చెరో చెయ్యి పట్టుకున్నారు. బావ ముందుకొచ్చి, కోటు లోపలి నుంచి ప్యాడ్ లాగేసుకున్నాడు. ఆ చెయ్యి తగిలినందుకే చిట్టి ఒళ్ళు మండిపోతుంది. గట్టిగా అరవాలనుంది. ఆ ముఖాన ఉమ్మేయాలనుంది.

అరవదు.

ఈ పని ఆమెకి కొత్త కాదు. అరిస్తే పిచ్చి అని రాస్తారు. ఏడిస్తే పిచ్చి అని రాస్తారు. నవ్వితే మరీ పిచ్చి.

"టైమెంత?" అడుగుతుంది మామూలుగా.

"ఐదు నలభై ఎనిమిది," అన్నాడు బావ నవ్వుతూ. "చాలా టైముంది."

* * *

అడ్మిషన్ కౌంటర్.

అద్దం వెనక స్టూల్ మీద ముద్ర బాబాయ్. ముప్ఫై ఏళ్ళుగా ఫారాల మీద ముద్ర వేస్తున్నాడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అతని తల మీద పెద్ద గడియారం.

ఐదు యాభై.

బావ ప్యాడ్‌లోంచి అక్క పొడిగింపు ఫారం చింపి కౌంటర్ మీద పెట్టాడు.

"కొట్టు బాబాయ్."

బాబాయ్ ముద్ర ఇంకు మీద అద్దాడు. చెయ్యి పైకి లేచింది...

"ఆగండి."

వెనక నుంచి ఆడగొంతు. అందరూ తిరిగారు.

ఇన్‌స్పెక్టర్. పొట్టి మనిషి. జుట్టు బిగించి ముడేసుకుంది. రెండు వారాల కిందటే ఈ స్టేషన్‌కి బదిలీ అయి వచ్చింది. వెనక ఇద్దరు కానిస్టేబుల్స్.

"బలవంతపు హోల్డ్ కేసుకి పోలీస్ కావాలని ఫోన్ చేసింది ఎవరు?"

"నేనే మేడమ్," బావ చేతులు కట్టుకున్నాడు. "మా మరదలే. మా ఆవిడకి కూడా ఇదే జబ్బు. ఆ ఇంటి రక్తమే అంత. ఇవాళ నా గదిలోకి వచ్చి విరుచుకుపడింది. ఫైళ్ళు ఎత్తుకుపోయింది. దుప్పట్ల బండిలో దాక్కుంది. అడగండి వీళ్ళని!"

వార్డుబాయ్‌లు తలలూపారు. అబద్ధం కాదుగా మరి!

ఇన్‌స్పెక్టర్ చిట్టి వైపు చూసింది. రేగిన జుట్టు, చిరిగిన జేబు, కోటుకి అంటుకున్న సబ్బు పొడి.

బావ పక్కకి వంగాడు. పెదాలు కదపకుండా, చిట్టికి మాత్రమే వినిపించేలా...

"రాత్రి మీ అక్క పక్క తడుపుకుందే. తెలుసా?"

ఒక్క క్షణం కళ్ళ ముందు అంతా ఎర్రబడింది. వార్డుబాయ్ జేబులో తన కోసమే నింపి తెచ్చిన సిరంజి కనిపిస్తోంది. లాక్కోవచ్చు. గుచ్చేయొచ్చు! రెండు సెకన్ల పని!

అదే కావాలి బావకి.

చిట్టి ఇన్‌స్పెక్టర్ వైపు తిరుగుతుంది.

"మేడమ్, హోల్డ్ అయిన మనిషికి తన ఫారం చదువుకునే హక్కు ఉంది. ఒకసారి ఇప్పించండి."

"అవసరం లేదు మేడమ్, ఆమె..."

"ఉంది," అంది ఇన్‌స్పెక్టర్. "ఇవ్వండి."

బాబాయ్ ఫైల్లోంచి ఫారం తీసి అద్దం కింద నుంచి తోశాడు.

చిట్టి పేరు. చిట్టి వయసు. 'తనకూ ఇతరులకూ ప్రమాదం.' 'సాయంత్రం 4-40కి ఈ వ్యక్తిని ఈ హాస్పిటల్లో స్వయంగా చూశాను.'

కింద సంతకం...

చిన్న డాక్టరుది!

నవ్వు తన్నుకొస్తుంది. పొట్ట బిగబట్టి మింగేస్తుంది. ఓరి బావా! అలవాటు ఎంత పని చేసింది! చేతిలో మిగిలిన ఆ ఒక్క ఫారం... కోపంలో టైము వేసి కౌంటర్‌కి తోసేశావా!

"మేడమ్," చిట్టి ఫారాన్ని ఇన్‌స్పెక్టర్ వైపు జరుపుతుంది. "నన్ను చూసిన ఈ డాక్టర్‌ని ఒకసారి పిలిపించండి."

"ఎమర్జెన్సీలో ఉన్నాడు," బావ ఠక్కున అన్నాడు. "ఇందాకే మాట్లాడా."

"ఫోన్ చేద్దాం." ఇన్‌స్పెక్టర్ బాబాయ్‌ని నంబర్ అడిగింది. స్పీకర్ ఆన్ చేసింది.

ఒక రింగు... రెండు... ఐదు...

ఐదు యాభై మూడు.

"ఎత్తడులెండి, బిజీగా..."

"హలో? ఎవరండీ?" పెద్దావిడ గొంతు.

"డాక్టర్ గారు కావాలమ్మా. పోలీస్ స్టేషన్ నుంచి."

"పోలీసా? అయ్యో! నేను వాళ్ళమ్మనండీ. వాడికింకా మత్తు దిగలేదమ్మా. మోకాలి ఆపరేషన్ కదా! మూడింటికి లోపలికి తీసుకెళ్ళారు, ఇందాక ఐదున్నరకి బయటికి తెచ్చారు. కళ్ళు తెరవట్లేదు, వాళ్ళ నాన్నని చూసి సిస్టర్ అంటున్నాడు. ఏదైనా గొడవా అమ్మా?"

"నాలుగు నలభైకి ఎక్కడున్నాడమ్మా మీవాడు?"

"ఎక్కడేమిటండీ! బల్ల మీద! కాలు కోస్తున్నారు!"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది.

"పాపం, మత్తులో ఉండి కూడా ఈ అమ్మాయిని స్వయంగా చూశాడు," అంది. "చాలా గొప్ప డాక్టరు."

బావ ప్యాడ్‌ని వీపు వెనక్కి జరిపాడు.

"ఆ ప్యాడ్ చూడండి మేడమ్," చిట్టి వేలు చూపిస్తుంది. "పదిహేడు ఖాళీ ఫారాలు. అన్నిటి మీదా అదే సంతకం. మా అక్క ఫారం మీద కూడా."

ఇన్‌స్పెక్టర్ బావ చేతిలోంచి ప్యాడ్ తీసుకుంది. ఒక కాగితం... ఇంకో కాగితం... ఇంకోటి...

ముద్ర బాబాయ్ ఎవరూ చెప్పకుండానే ముద్రని సొరుగులో పెట్టాడు. తాళం వేశాడు. తాళం చెవి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"సిస్టర్‌ని వదలండి," అంది ఇన్‌స్పెక్టర్.

వార్డుబాయ్‌లు వదిలారు.

"డాక్టర్, మీరు స్టేషన్‌కి..."

మాట పూర్తి కాలేదు!

బావ వార్డుబాయ్ జేబులోంచి సిరంజి లాగాడు. గోడకి ఆనుకున్నాడు. సూది తన మెడకే ఆనించుకున్నాడు!

"దగ్గరికి రాకండి! చచ్చిపోతా! నాకు బతకాలని లేదు!"

కళ్ళల్లో నీళ్ళు. ముక్కు పుటాలు అదురుతున్నాయి. కానిస్టేబుల్స్ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"నాకు ఎవరెవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది... వాళ్ళే ఇవన్నీ రాయమన్నారు... నన్ను హోల్డ్ చేయండి మేడమ్! ప్లీజ్!"

చిట్టికి అర్థమవుతుంది.

హోల్డ్! డెబ్భై రెండు గంటలు హోల్డ్‌లో ఉన్న మనిషిని పోలీసులు ప్రశ్నించకూడదు. అరెస్టు చేయకూడదు. పెట్టేది దగ్గరలో ఉన్న వార్డులో. అంటే బావ వార్డులోనే. బావ మనుషుల మధ్యే. మూడు రోజుల్లో రికార్డు రూమ్‌లో ఒక్క ఫైలు మిగలదు. ఆ తర్వాత కోర్టులో... పాపం, మతి చెడినప్పుడు చేశాడు!

ఇన్‌స్పెక్టర్ చెయ్యి పెన్ను మీదికి వెళ్ళింది. కళ్ళెదుట ప్రాణం తీసుకుంటానన్న మనిషి. చూసింది తనే. సంతకం పెట్టే అధికారం తనదే.

"సిస్టర్... ఈ పని మీదే. మీరేమంటారు?"

మూడు రోజులుగా కోరుకున్నది ఇదే! బావ ఆ మంచం మీద! ఆ సూదితో! ఒక్క మాట చాలు. ఊ అంటే చాలు. నాలుక చివర ఉంది...

చిట్టి బావ ముఖం చూడదు. పదేళ్ళుగా చూస్తున్నట్టే చూస్తుంది. ముందు చేతులు. తర్వాత ఊపిరి. తర్వాత పట్టుకున్న వస్తువు.

చేతులు వణకడం లేదు.

ఊపిరి నిదానంగా ఉంది.

సూది...

"మేడమ్, సూదికి మూత ఉంది."

నిజమే. తెల్లటి ప్లాస్టిక్ మూత, నొక్కి పెట్టింది పెట్టినట్టే.

చిట్టి నాలుగు అడుగులు వేస్తుంది. వార్డులో పేషెంట్ చేతిలోంచి స్పూను తీసుకున్నట్టు, బావ చేతిలోంచి సిరంజి తీసుకుంటుంది. బావ ఆపలేదు. ఆపాలంటే మూత తీయాలి. తీస్తే నిజంగా గుచ్చుకుంటుంది!

"అయినా హోల్డే! నేను నోటితో అన్నాను!" బావ గొంతు మారిపోయింది. ఏడుపు ఎటు పోయిందో! "రూల్ ఉంది! చస్తానన్న మనిషిని వదిలేస్తే మీ ఉద్యోగం పోతుంది మేడమ్!"

ఇన్‌స్పెక్టర్ నుదురు ముడిపడింది.

"సిస్టర్, ఇతనికి ఏ జబ్బూ లేదని మీరు చెప్పగలరా?"

చెప్పాలనుంది. గొంతు చించుకుని చెప్పాలనుంది!

"నర్సుగా నేను చెప్పకూడదు మేడమ్. నేను చుట్టాన్ని. నా మాట కాగితం మీదికి రాదు." ఒక్క క్షణం ఆగుతుంది. "కానీ అనుమానం ఉన్నప్పుడు అదే ఇంట్లో ఉండే మనిషిని అడగాలి. అది కూడా రూలే."

"ఇంట్లో ఎవరున్నారు?"

"భార్య."

బావ పెద్దగా నవ్వాడు. "నా భార్యా! అది పేషెంటు! హోల్డ్‌లో ఉన్న మనిషి మాట చెల్లదు! రాసుకోండి! చెల్లదు!"

అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది.

వార్డు నర్సు చెయ్యి పట్టుకుని అక్క. చెప్పులు లేవు. వార్డు గౌను మీద తన పాత స్వెట్టర్ తిరగేసి తొడుక్కుంది. వెలుతురుకి కళ్ళు చికిలించుకుంటోంది. రెండు చేతులూ ఇంకా వణుకుతున్నాయి.

"పొడిగింపు రాలేదు బాబాయ్," అంది వార్డు నర్సు. "టైమైపోయింది. పంపించేస్తున్నాం."

ఇన్‌స్పెక్టర్ తల ఎత్తి గడియారం చూసింది.

"ఆరు దాటింది డాక్టర్. చెల్లుతుంది."

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఒక్క క్షణమే. అంతలోనే ముఖం మారింది. గొంతులో మళ్ళీ తేనె!

"ఏమే... నువ్వే చెప్పు వీళ్ళకి. నీ మొగుడికి మనసు బాగోలేదని చెప్పు. రాత్రుళ్ళు నిద్ర పోవట్లేదని చెప్పు. నా మీద ఒట్టు... ఒక్క మాట అనవే!"

అక్క అతని వైపు చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ చేతిలో ప్యాడ్ చూసింది. తర్వాత చిట్టిని చూసింది. చిట్టి నోరు విప్పదు. ఇది అక్క మాట. అక్కే అనాలి.

"మీ ఆయన మనసు చెడిందంటున్నాడమ్మా," అంది ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "ఏం చేస్తున్నాడో తనకి తెలియదంటున్నాడు. మీరు ఇంట్లో మనిషి. నిజమేనా?"

అక్క పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"లేదమ్మా," అంది. "ఆయనకి ఏ జబ్బూ లేదు. అన్నీ తెలిసే చేశాడు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను జేబులో పెట్టుకుంది. నడుముకున్న బేడీలు తీసింది.

"లేదు! అది అబద్ధం చెబుతోంది! నాకు పిచ్చి! నిజంగా పిచ్చి!" బావ కానిస్టేబుల్స్ చేతుల్లో గింజుకుంటున్నాడు. "బాబాయ్! ఫారం తియ్యి! ముద్ర కొట్టు! నేను చెబుతున్నా కదా... నాకు పిచ్చి!"

ముద్ర బాబాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సంతకం ఎవరిది సార్?" అన్నాడు.